విజ్ఞాన కబుర్లు: ఇసుకరేణువులో కాపలావాడు



మా పక్కింట్లో పదకొండేళ్ళ అమ్మాయి ఒకతె ఉన్నది. ఆటల్లో ముందు, చదువులో ముందు, నన్ను ప్రశ్నలతో వేధించడంలో అందరికంటె ముందు. ఆ పిల్లకు ఏడో ఏట నుంచీ చక్కెరవ్యాధి.

"అదేమిటి, అది పెద్దవాళ్ళకు వచ్చే జబ్బు కదా?" అంటారు కాబోలు. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించేది ఒక రకం. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించేది మరొక రకం. ఈ రెండో రకం మిఠాయిలు తిన్నందువల్ల వచ్చేది కాదు. ఒకరినుంచి మరొకరికి అంటుకునేది అసలే కాదు. మన కడుపులో, జీర్ణాశయానికి వెనకగా, క్లోమం అనే గ్రంథి ఒకటి ఉన్నది. అందులో కొన్ని కణాలు ఇన్సులిను అనే పదార్థాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతూ ఉంటాయి. రోగాలనుంచి మనను కాపాడవలసిన శరీరసైన్యమే, కొందరిలో, పొరబడి ఆ కణాలను శత్రువులనుకుని నాశనం చేస్తుంది. ఇక ఆ శరీరంలో ఇన్సులిను తయారయ్యే దారి ఉండదు.

ఇన్సులిను లేకపోతే ఏమవుతుంది? మనం తిన్న అన్నం కడుపులో అరిగి, గ్లూకోజు అనే చక్కెరగా మారి, రక్తంలో చేరుతుంది. కండరాలు దానిని లోపలికి తీసుకుని బలం పుంజుకోవాలంటే ఇన్సులిను కావాలి. అది లేకపోతే చక్కెర రక్తంలోనే పేరుకుపోతుంది. కండరాలు మాత్రం ఆకలితో మాడిపోతాయి. ఇంతకూ రక్తంలో ఉండవలసిన చక్కెర ఎంతో తెలుసునా? ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి రక్తం మొత్తంలో ఉండేది సుమారు ఒక చెంచాడు, అంతే! ఆ చెంచాడు మరీ పెరిగినా ప్రమాదమే, మరీ తగ్గినా ప్రమాదమే.

అందుచేత మా పక్కింటి అమ్మాయి రోజుకు నాలుగైదుసార్లు వేలిని సూదితో గుచ్చుకుని, ఒక చుక్క రక్తం తీసి, చక్కెర ఎంత ఉన్నదో చూచుకుంటుంది. భోజనానికి ముందు లెక్కవేసి, అంతకు తగిన ఇన్సులిను సూది వేసుకుంటుంది. ఎన్నడూ ఏడవగా చూడలేదు.

కిందటి నెలలో ఒకనాడు ఏమయిందంటే, ఇన్సులిను వేసుకుని, సగం అన్నం వదిలేసి, ఖోఖో ఆటకు పరుగెత్తింది. ఆట మధ్యలో చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, మాట తడబడింది. చక్కెర పడిపోయిందన్నమాట! వాళ్ళమ్మ వెంటనే గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించింది. కాసేపటికి తేరుకున్నది.

మర్నాడు సాయంకాలం మా వరండాలోకి వచ్చి కూర్చుని, "తాతగారూ, ఈ సూదిమందుకు బొత్తిగా బుద్ధి లేదండీ," అన్నది.

"అదేమిటమ్మా?" అన్నాను.

"నేను అన్నం తిన్నానో లేదో, ఆడుకున్నానో పడుకున్నానో దానికి తెలియదు కదండీ. ఎంత ఎక్కిస్తే అంతా పనిచేసి కూర్చుంటుంది. చక్కెర పెరిగినప్పుడే బయటికి వచ్చి, తగ్గగానే ఆగిపోయేటట్టు మందుకే కాస్త తెలివి పెట్టరాదూ?"

నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే, ప్రపంచంలో ఎందరో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకే జవాబు వెతుకుతున్నారు. ఆ సాయంకాలం ఆ పిల్లకు చెప్పిన కబుర్లే ఈ నెల మీకూ చెపుతాను.

మొదట ఒక మాట. సూదిమందుకు బుద్ధి లేకపోవచ్చు గాని, దానిని చిన్నచూపు చూడరాదు. 1921లో కెనడా దేశంలోని టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు, మాక్లియాడ్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో, ఇన్సులినును కనిపెట్టారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎంతోకాలం బతికేవారు కారు. 1922 జనవరి 11న లెనార్డ్ థామ్సన్ అనే కుర్రవాడికి మొదటి సూది వేశారు. ఆ మందు శుభ్రంగా లేదు. పెద్దగా గుణం ఇవ్వలేదు సరికదా, సూది వేసినచోట వాచింది. కొలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రాత్రింబవళ్ళు శ్రమించి మందును శుద్ధిచేశాడు. జనవరి 23న మళ్ళీ వేశారు. ఈసారి చక్కెర దిగింది, కుర్రవాడు కోలుకున్నాడు. మందు ఒక్కటే చాలదు, అది తగిన రీతిలో తయారుకావాలని ఆనాడే తేలింది.

ఇప్పుడు మన కథలోని కాపలావాడిని చూద్దాం.

గుప్పెడు అన్నం నోట్లో వేసుకుని, మింగకుండా రెండు నిమిషాలు నమలండి. మెల్లగా తీపి తగులుతుంది. మన ఉమ్మిలో ఉన్న ఒక పదార్థం అన్నంలోని పిండిని చక్కెరగా విడగొడుతున్నదన్నమాట. ఇటువంటి పనివాళ్ళను ఎంజైములు అంటారు. ఇవి మాంసకృత్తుల జాతివి. ఒక్కొక్క ఎంజైముకు ఒక్కొక్క పని. వడ్రంగి కుండలు చేయడు, కుమ్మరి బల్లలు చేయడు, ఇవీ అంతే. ఇంకొక విశేషం ఏమిటంటే, ఎంత పనిచేసినా ఇవి ఖర్చయిపోవు. ఒక పని ముగించి మరొక పనికి సిద్ధంగా ఉంటాయి.

గ్లూకోజును మాత్రమే పట్టుకునే ఎంజైము ఒకటి ఉన్నది. దాని పేరు గ్లూకోజు ఆక్సిడేజు. ఉల్లిపాయ పైపొర ఒలిచేటప్పుడు అప్పుడప్పుడు నల్లటి మసి వంటిది చేతికి అంటుతుంది, చూచారా? అది ఒక రకం బూజు. ఆ బూజులో ఈ ఎంజైము ఉన్నదని 1928లో మ్యూలర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఆ పిల్ల రక్తం చుక్క పరీక్షించుకునే పట్టీల వంటివాటిలో చాలావాటికి చక్కెర జాడ చెప్పేది ఈ ఎంజైమే!

గ్లూకోజు దొరికితే ఇది ఏమి చేస్తుంది? గాలిలోని ప్రాణవాయువును కూడా తీసుకుని, గ్లూకోజును గ్లూకోనికామ్లం అనే పుల్లని పదార్థంగా మారుస్తుంది. అంటే, తీపిని పులుపు చేస్తుంది. తీపి ఎక్కువగా ఉంటే పులుపూ ఎక్కువ. తీపి తక్కువైతే పులుపూ తక్కువ.

అక్కడే ఉన్నది కిటుకు! పులుపు తగిలితే మారిపోయే పదార్థాలు కొన్ని ఉన్నాయి. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని ముడుచుకుంటాయి, కొన్ని కరిగిపోతాయి. అటువంటి పదార్థంతో ఒక చిన్న కొట్టుగదికి తలుపు పెట్టామనుకోండి. కొట్టుగదిలో ఇన్సులిను ఉన్నది. పక్కనే మన ఎంజైము కాపలా ఉన్నది. రక్తంలో చక్కెర పెరిగింది. కాపలావాడు దానిని పులుపు చేశాడు. పులుపు తగిలి తలుపు తెరుచుకున్నది. ఇన్సులిను బయటికి వచ్చి చక్కెరను దించింది. చక్కెర దిగింది గనుక పులుపు ఆగింది, తలుపు మూసుకున్నది. మందుకు తెలివి వచ్చినట్టే కదా!

"ఓస్, ఇంతేనా! అయితే ఆ కాపలావాడినీ ఇన్సులినునూ కలిపి సూది వేస్తే సరి," అన్నది మా పక్కింటి అమ్మాయి.

అంత సులభం కాదు. ఎంజైము చాలా సున్నితమైనది. వేడి తగిలితే చెడిపోతుంది. రక్తంలో వట్టిగా వదిలితే కొట్టుకుపోతుంది, ముక్కలైపోతుంది. పైగా అది బూజునుంచి వచ్చినది గనుక, శరీరసైన్యం దానిని పరాయివాడిగా గుర్తించి దాడి చేస్తుంది. కాబట్టి కాపలావాడికి ఒక ఇల్లు కావాలి. గ్లూకోజు లోపలికి రావాలి, పులుపు బయటికి పోవాలి, కాపలావాడు మాత్రం గడప దాటరాదు. అటువంటి ఇల్లు!

ఎంజైమును ఒకచోట నిలబెట్టవచ్చునని మొదట తెలిసింది 1916లో. అమెరికాలో నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, చక్కెరను విడగొట్టే ఒక ఎంజైమును బొగ్గుపొడికి పట్టించారు. బొగ్గునిండా కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి కదా. బొగ్గుకు అంటుకున్న తరవాత కూడా ఆ ఎంజైము మునుపటిలాగే చక్కెరను విడగొడుతూ ఉన్నది!

అయితే బొగ్గు రంధ్రాలు ఒక తీరుగా ఉండవు. 1992లో అమెరికాలోని మోబిల్ అనే చమురు కంపెనీ శాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన పదార్థాన్ని ప్రకటించారు. అది సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కాని దానినిండా తేనెపట్టులోని గదుల్లాగా, ఒకే కొలతగల సన్నటి గొట్టాలు వరుసలు తీరి ఉంటాయి. ఆ గొట్టాల గోడలన్నీ విప్పి పరచగలిగితే, ఒక్క గ్రాము పొడికి సుమారు వెయ్యి చదరపు మీటర్ల చోటు వస్తుంది. అంటే పాతిక సెంట్ల నేల! ఆరు వాలీబాల్ కోర్టులు అందులో పడతాయి. చిటికెడు పొడిలో అంత సత్రం ఉన్నదంటే నమ్మగలరా?

ఇక సత్రంలో దిగేవాళ్ళ కొలతలు చూద్దాం. ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగాన్ని నానోమీటరు అంటారు. గ్లూకోజు అణువు సుమారు ఒక నానోమీటరు ఉంటుంది. మన కాపలావాడు ఒక పక్క ఆరు, ఒక పక్క ఎనిమిది నానోమీటర్ల వరకూ ఉంటాడు. గ్లూకోజు శనగగింజంత అనుకుంటే, ఎంజైము బత్తాయిపండంత అన్నమాట. మోబిల్ వారి సిలికాలో మామూలుగా ఉండే గొట్టం వెడల్పు మూడు నాలుగు నానోమీటర్లు. అంటే నిమ్మకాయ పట్టేంత సందు! బత్తాయి అందులో ఎలా దూరుతుంది?

ఈ సంగతి 1996లో అమెరికాలోని టెక్సాస్‌లో డియాజ్, బాల్కస్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచారు. రకరకాల కొలతలుగల మాంసకృత్తులను ఆ సిలికాతో కలిపారు. చిన్నవి బాగా లోపలికి పోయినాయి, పెద్దవి పోలేకపోయినాయి. రెండేళ్ళ తరవాత, 1998లో, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో మరొక రకం సిలికా తయారయింది. దాని గొట్టాలను అయిదునుంచి ముప్ఫై నానోమీటర్ల వరకూ కావలసిన వెడల్పులో చేయవచ్చు. ఇప్పుడు కొబ్బరికాయ పట్టే సందు దొరికింది. బత్తాయి హాయిగా లోపలికి పోతుంది. 2001లో స్పెయిన్ దేశంలోని మాడ్రిడ్‌లో వాలెట్ రెహీ అనే ఆచార్యురాలు, ఆమె తోటివారు, ఇటువంటి సిలికా గొట్టాలలో నొప్పులు తగ్గించే మందును నింపి, అది మెల్లమెల్లగా బయటికి వస్తుందని చూపించారు. ఈ రేణువులు మందు దాచే కొట్టుగదులుగా కూడా పనికివస్తాయని ఆ విధంగా తెలిసింది.

ఇల్లు దొరికింది. కాపలావాడు దొరికాడు. ఇక అసలైన చిక్కు వచ్చింది: ఒక్కొక్క ఇంట్లో ఎందరు కాపలావాళ్ళను పెట్టాలి?

"ఎంతమంది పడితే అంతమంది! ఎక్కువమంది ఉంటే ఎక్కువ పని జరుగుతుంది," అన్నాడు అంతవరకూ మాట్లాడకుండా వింటున్న ఆ పిల్ల తమ్ముడు.

పెళ్ళివారిల్లు చూచావా, నాయనా? వచ్చిన చుట్టాలందరూ వరండాలోనూ, గుమ్మంలోనూ బైఠాయించి కూర్చుంటే ఏమవుతుంది? కాఫీలు తెచ్చేవాడు లోపలికి పోలేడు, ఖాళీ గ్లాసులు బయటికి రాలేవు. లోపలిగదుల్లో ఉన్నవాళ్ళు గొంతెండి కూర్చుంటారు. మనుషులు ఎక్కువైనారు, మర్యాద తక్కువైంది! ఎంజైముల విషయంలోనూ అచ్చంగా ఇదే జరుగుతుంది. నమ్మకం లేకపోతే ఒక ప్రయోగం చేసి చూద్దాం.

మీరే చేసి చూడండి

ఈ ప్రయోగం అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకునే చేయాలి సుమా! మందుల షాపులో గాయాలు కడగడానికి హైడ్రోజన్ పెరాక్సైడు అనే ద్రవం అమ్ముతారు. అందులో అంతే నీళ్ళు పెద్దవాళ్ళచేత కలిపించండి. కళ్ళకు, నోటికి తగలరాదు. చేతికి తగిలితే వెంటనే కడుక్కోవాలి.

ఒక బంగాళాదుంపనుంచి ఒకే కొలతగల మూడు ముక్కలు కోయండి. మొదటి ముక్కను అలాగే ఒక గాజుగ్లాసులో వేయండి. రెండో ముక్కను సన్నగా తురిమి రెండో గ్లాసులో వేయండి. మూడో ముక్కను ఉడికించి, చల్లార్చి మూడో గ్లాసులో వేయండి. మూడింటిలోనూ సమానంగా నాలుగేసి చెంచాల ద్రవం పోసి చూడండి.

మొదటి గ్లాసులో ముక్క చుట్టూ కాసిని బుడగలు వస్తాయి. రెండో గ్లాసులో నురుగు బుసబుసా పొంగుతుంది. మూడో గ్లాసులో దాదాపు ఏమీ ఉండదు.

కారణం ఏమిటి? బంగాళాదుంపలో కాటలేజు అనే ఎంజైము ఉన్నది. అది పెరాక్సైడును నీరుగానూ ప్రాణవాయువుగానూ విడగొడుతుంది. బుడగలు ఆ ప్రాణవాయువే. మొదటి, రెండో గ్లాసుల్లో దుంప ఒకే కొలత; ఎంజైమూ సమానమే. కాని మొదటి ముక్కలో పైనున్న ఎంజైముకే పని దొరికింది. లోపలిదానికి పెరాక్సైడు అందలేదు. తురిమినప్పుడు కణాలు చితికి ఎంజైము బయటపడింది. అంతటికీ పని దొరికింది. మూడోదానిలో వేడికి ఎంజైము చెడిపోయింది. ఎంజైము ఎంత ఉన్నదన్నది కాదు లెక్క, ఎంతకు పని అందుతున్నదన్నదే లెక్క. ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకుంటే మిగిలిన కథ తేలికగా తెలిసిపోతుంది.

ఎక్కువైతే నాలుగు చిక్కులు

సిలికా గొట్టాలలో ఎంజైమును మరీ కూరితే మొదటి చిక్కు దారి మూసుకుపోవడం. గొట్టం మొదట్లోనే ఎంజైములు ఒకదానినొకటి ఒరుసుకుని నిలిస్తే, వెనక ఉన్నవాటికి గ్లూకోజు అందదు.

రెండో చిక్కు ప్రాణవాయువుకు కరవు. ఒక్కొక్క గ్లూకోజు అణువుకు ఒక ప్రాణవాయువు అణువు కావాలి. మన ఒంటిలోని నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు గ్లూకోజుకంటె ఎన్నోరెట్లు తక్కువ. పదిమంది చేసే పనికి ఒక్కరికి చాలినంత సరుకే ఉంటే, తొమ్మండుగురు ఊరికే కూర్చోవలసిందే.

మూడో చిక్కు చోటు చాలకపోవడం. అదే కొట్టులో ఇన్సులిను కూడా పట్టాలి కదా! గదులన్నీ కాపలావాళ్ళే ఆక్రమిస్తే సరుకు ఎక్కడ పెట్టాలి? కాపలా బాగున్నది, కొట్టు ఖాళీ!

నాలుగో చిక్కు అన్నింటికంటె ప్రమాదకరమైనది. కాపలావాళ్ళు మరీ ఎక్కువైతే, రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నప్పుడు కూడా పులుపు పుట్టి తలుపు తెరుచుకోవచ్చు. అవసరం లేని వేళ ఇన్సులిను బయటపడితే చక్కెర పడిపోతుంది. ఖోఖో ఆటలో మా పక్కింటి అమ్మాయికి జరిగింది అదే కదా! పోనీ, కాపలావాళ్ళను మరీ తగ్గించామనుకోండి. పులుపు చాలదు; చక్కెర పెరిగి గంటలు గడిచినా తలుపు తెరుచుకోదు. పులుసులో ఉప్పువంటిది ఈ వ్యవహారం. తక్కువైనా నోట పెట్టలేము, ఎక్కువైనా నోట పెట్టలేము.

ఇంకొక సంగతి మరిచాను. గ్లూకోజు పులుపుగా మారేటప్పుడు కొంత పెరాక్సైడు కూడా పుడుతుంది. అది కాపలావాడికే చేటు చేస్తుంది. దీనికి విరుగుడు మీరే చెప్పగలరు. అవును, ఇందాకటి బంగాళాదుంపలోని కాటలేజే! దానిని కూడా పక్కన పెడితే, పెరాక్సైడును విడగొట్టేస్తుంది. అందులోనుంచి వచ్చిన ప్రాణవాయువు మళ్ళీ మన కాపలావాడికి పనికివస్తుంది. ఖర్చయిన దానిలో సగం తిరిగి వచ్చినట్టే. కాని కాటలేజు మన కాపలావాడికంటె పెద్ద శరీరంగలది. దానికీ చోటు కావాలి. లెక్క మళ్ళీ మారింది!

తగిన పాలు కనుక్కోవడం ఎలా?

శాస్త్రజ్ఞులు ఊహించి ఊరుకోరు, కొలిచి చూస్తారు. కొంత ఎంజైమును నీటిలో కలిపి, ఆ నీటిలో సిలికా పొడిని నానబెడతారు. కొన్ని గంటల తరవాత పొడిని వేరుచేసి, నీటిలో ఎంత ఎంజైము మిగిలిందో కొలుస్తారు. మొదట వేసినదానిలోనుంచి మిగిలినది తీసివేస్తే, పొడిలో చేరినదెంతో తెలుస్తుంది. మూడో తరగతి తీసివేత లెక్కే!

కాని అంతటితో తృప్తిపడరు. ఆ పొడిని గ్లూకోజు నీటిలో వేసి, ఎంతసేపటికి ఎంత పులుపు పుట్టిందో చూస్తారు. ఎంజైమును కొద్దికొద్దిగా పెంచుతూ ఇదే పరీక్షను మళ్ళీ మళ్ళీ చేస్తారు. మొదట్లో ఎంజైము పెరిగినకొద్దీ పులుపూ పెరుగుతుంది. కొంతదూరం పోయాక పెరుగుదల మందగిస్తుంది. మరీ కూరితే ఇక పెరగదు, ఒక్కొక్కప్పుడు తగ్గుతుంది కూడా. ఆ మలుపు దగ్గరే తగిన పాలు ఉంటుంది.

గోడల సంగతి కూడా చూడాలి. మన ఒంటిలో ఉండేటటువంటి నీటిలో సిలికా గోడకు ఋణవిద్యుత్తు ఉంటుంది. మన కాపలావాడికీ ఋణవిద్యుత్తే. రెండూ ఒకదానినొకటి తోసుకుంటాయి. అందుకని గోడలకు ధనవిద్యుత్తుగల పూత పూస్తారు. అప్పుడు ఎంజైము గోడను అంటిపెట్టుకుని ఉంటుంది. పట్టు మరీ గట్టిదైతే దాని ఆకారం వంకరపోయి పని చెడవచ్చు. మరీ వదులైతే జారి బయటికి పోవచ్చు. ఇక్కడ కూడా మధ్యమార్గమే మంచిది.

ఇల్లు కట్టి కాపలావాడిని పిలవడం ఒక పద్ధతి. కాపలావాడి చుట్టూనే ఇల్లు కట్టడం మరొక పద్ధతి. అమ్మ బూరెలు చేసేటప్పుడు చూచారా? బూరె వండి అందులో పూర్ణం కూరదు. పూర్ణం ఉండచుట్టి తోపులో ముంచుతుంది. 2015లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇటువంటి పనే చేశారు. జింకు లోహమూ ఒక సేంద్రియ పదార్థమూ కలిసిన నీటిలో మాంసకృత్తులను వేస్తే, వాటి చుట్టూ రంధ్రాలుగల స్ఫటికం దానంతట అదే పెరిగింది. ఆ స్ఫటికం పులుపు తగిలితే విడిపోతుంది. 2018లో జెరూసలేములో విల్నర్ అనే ఆచార్యుడు, ఆయన తోటివారు, అదే రకం స్ఫటికంలో ఇన్సులినునూ మన కాపలావాడినీ కలిపి ఉంచారు. గ్లూకోజు తగలగానే పులుపు పుట్టి, స్ఫటికం విడిపోయి, ఇన్సులిను బయటికి వచ్చింది. అయితే ఇక్కడ తలుపు తిరిగి మూసుకోదు, గోడే కరిగిపోతుంది. అదొక లోపం.

ఎలుకల మీద కూడా ఇటువంటి ప్రయోగాలు జరిగాయి. 2013లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు ఇన్సులినునూ, గ్లూకోజు ఆక్సిడేజునూ, కాటలేజునూ సూక్ష్మమైన రేణువుల్లో పెట్టి, ఆ రేణువులు ఒకదానినొకటి పట్టుకుని వలలాగా ఏర్పడేటట్టు చేశారు. దానిని చక్కెరవ్యాధిగల ఎలుకలకు ఒకే ఒక్కసారి సూదితో ఎక్కిస్తే, పదిరోజులవరకూ వాటి రక్తంలో చక్కెర అదుపులో ఉన్నది.

ఇదంతా విని మా పక్కింటి అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "అయితే నాకు ఎప్పుడు వస్తుందండీ ఆ మందు?" అన్నది.

అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. "ఎలుకకు పనిచేసినది మనిషికి పనిచేయాలన్న నియమం లేదు, తల్లీ. కాపలావాడు చాలాకాలం చురుకుగా ఉండాలి. తలుపు నిమిషాలలో తెరుచుకోవాలి, నిమిషాలలో మూసుకోవాలి. ఖాళీ అయిన ఇళ్ళు ఒంట్లో పేరుకుపోకుండా మాయం కావాలి. కొట్టంతా ఒక్కసారి తెరుచుకుపోదన్న భరోసా ఉండాలి. ఇవన్నీ తేలేవరకూ ఏ డాక్టరూ మీకు దానిని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇటువంటి రేణువులు ఇంకా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. అంతవరకూ నీ సూదీ, నీ లెక్కా, మీ డాక్టరుగారి మాటా, ఇవే నీకు రక్ష," అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "నేను రోజూ వేసే లెక్కనే వాళ్ళు ఆ రేణువు చేత వేయించాలని చూస్తున్నారన్నమాట. అది ఎంత కష్టమో నాకు తెలుసండీ," అని నవ్వింది. తరవాత గడియారం చూచుకుని, వేలు గుచ్చుకోవడానికి ఇంటికి పోయింది. నేను ఎన్నో పుస్తకాలు చదివి తెలుసుకున్నదానిని ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది!

పిల్లలూ, మీ తరగతిలో ఇటువంటి జబ్బుగల స్నేహితులు ఉంటే, వాళ్ళను వేరుగా చూడకండి. భోజనాల వేళ సూది వేసుకుంటుంటే వింతగా గుమిగూడకండి. ఆటలో చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడితే వెంటనే గ్లూకోజో, చక్కెర కలిపిన నీళ్ళో తాగించి, మాష్టారిని పిలవండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు; పెద్దవాళ్ళను కేకవేసి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. తెలివిగల మందు వచ్చేవరకూ తెలివిగల స్నేహితులు కావాలి కదా!

ఇక ఈ నెల ప్రశ్న. రెండు సిలికా రేణువులు ఉన్నాయనుకోండి. మొదటిదానిలో వంద ఎంజైములు ఉన్నాయి. రెండోదానిలో మూడువందలు ఉన్నాయి. కాని రెండోది మొదటిదానికంటె రెండురెట్లు మాత్రమే పులుపు పుట్టించింది. ఏ రేణువులోని ఎంజైము ఒక్కొక్కటీ ఎక్కువ పనిచేస్తున్నది? మిగిలినవి ఎందుకు బద్ధకిస్తున్నాయి? అమ్మానాన్నలతో కలిసి ఆలోచించండి. జవాబు వచ్చే నెల కబుర్లలో.